రాతి జాడ, ప్రాణి జాడ

కృష్ణా నదికి అవతల జగ్గయ్యపేట ప్రాంతం నుంచి దక్షిణాన తిరుమల కొండల దాకా నెలవంక ఆకారంలో పరుచుకున్న శిలాప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. దీని పొడవు సుమారు 440 కిలోమీటర్లు. బాగా వెడల్పైన చోట 145 కిలోమీటర్లు ఉంటుంది. విస్తీర్ణం దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు. నల్లమల, ఎర్రమల, వెలిగొండలు, పాలకొండలు, లంకమల, శేషాచలం అన్నీ దీని లోపలివే. ఒకప్పటి సముద్రం అడుగున ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి, ఆ తరువాత ముడతలు పడి పైకి లేచి ఈ కొండలయ్యాయి. ఇసుక క్వార్ట్‌జైట్‌గా మారింది. బురద షేల్ రాయి, పలకరాయి అయింది. సున్నం పేరుకున్న చోట డోలమైట్, నాపరాయి ఏర్పడ్డాయి. రాయలసీమ ఇళ్లలో నేలకు పరిచే తాడిపత్రి, బేతంచెర్ల బండలు ఈ సున్నపురాతి పొరల నుంచి కోసి తెచ్చినవే. ఈ పొరల వరుసను తేల్చి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో వెలువరించిన గ్రంథం ఇక్కడి పరిశోధనకు ఈనాటికీ పునాది.

రాళ్ల కోసం, శిలాజాల కోసం ఈ కొండల్లో తిరిగేవాళ్లలో భూగర్భ శాస్త్ర విద్యార్థులున్నారు, ఉపాధ్యాయులున్నారు, కేవలం ఇష్టంతో వచ్చేవాళ్లూ ఉన్నారు. రాతి వెనక నుంచి ఉడుము పరుగెత్తినా, కొండ అంచు నుంచి గుడ్లగూబ లేచినా అనుకోకుండా కనబడిందని వాళ్లు అనుకుంటారు. నిజానికి అందులో అనుకోకుండా జరిగేది తక్కువ. ఏ రాయి ఎలా పగులుతుంది, ఎంత నీరు నిలుపుతుంది, ఎండకు ఎంత కాగుతుంది, అరిగి అరిగి ఎలాంటి మట్టి అవుతుంది అన్న వాటిని బట్టే అక్కడ ఏ ప్రాణి నిలదొక్కుకోగలదో తేలుతుంది. రాతిని గుర్తుపట్టడం వచ్చినవాళ్లకు ప్రాణి ఉండే చోటు సగం తెలిసినట్టే.

ముందుగా ఈ శిలల్లో ఏ శిలాజాలు దొరుకుతాయో, ఏవి దొరకవో తెలుసుకోవాలి. కడప శిలల్లో ఎముకలు దొరకవు. చేప ముల్లు గాని, గవ్వ గాని, ఆకు అచ్చు గాని దొరకవు. ఈ పొరలు పేరుకున్న కాలానికి భూమి మీద ఎముకలున్న జీవి పుట్టనే లేదు. ఉన్నదల్లా కంటికి ఆనని సూక్ష్మజీవులు. వాటిలో సయనోబాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ జీవులు లోతులేని సముద్రపు నీళ్లలో జిగురు చాపలుగా అల్లుకుని, పైన పడిన సున్నపు ఒండ్రును పట్టి ఉంచి, దాని మీద మళ్లీ పెరిగేవి. అలా ఏర్పడ్డ రాతి గోపురాలు, స్తంభాలే స్ట్రోమటోలైట్లు. వేంపల్లె, పులివెందుల పరిసరాల డోలమైట్‌లో ఇవి విస్తారంగా ఉన్నాయి. వాన కడిగిన బండ మీద చూస్తే, అడ్డంగా కోసిన ఉల్లిపాయలో పొరల్లా ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తాయి. వేంపల్లె పొరల మీద పేరుకున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకువచ్చిన ఒక అగ్నిశిల వయసు 188 కోట్ల సంవత్సరాలని లెక్క తేలింది. కింద ఉన్న స్ట్రోమటోలైట్లు అంతకంటే పాతవన్నమాట. వీటిని చూడడానికి సుత్తి అక్కర్లేదు. విరిచిన ముక్కలో కంటే గాలీ వానా అరగదీసిన బండ మీదే వలయాలు స్పష్టంగా తెలుస్తాయి.

రాతిలో ఎముకల శిలాజాలు చూడాలంటే ఉత్తరాన ప్రాణహిత, గోదావరి లోయకు వెళ్లాలి. అక్కడి కోటా శిలల్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. ఆసిఫాబాద్ వైపున్న మలేరి ఎర్రమట్టి శిలలు అంతకంటే పాతవి. వాటిలో ఊపిరితిత్తుల చేపల పళ్లు, మొసలిని పోలిన ప్రాణుల ఎముకలు, గట్టిపడి రాయైన పేడ కూడా దొరుకుతాయి. ఆసిఫాబాద్ జిల్లాలోనే బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట నిటారు అంచుల మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకునేవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా ఒంట్లో చేరి దేశమంతటా రాబందులు కుప్పకూలిన తరువాత, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించాక మిగిలిన కొద్ది గూళ్లలో ఇవి కొన్ని. కొండ అంచు మీద పైనుంచి కిందికి జారిన తెల్లని చారలు కనిపిస్తే దూరం నుంచి సున్నపు ఊట అనిపిస్తుంది. సున్నపు ఊట పగులు వెంబడే దిగుతుంది. పక్షి రెట్ట చార రాతి అరుగు కింద మొదలవుతుంది. ఆ అరుగు మీద గూడో, రోజూ వచ్చి వాలే చోటో ఉంటుంది. ఈ తేడా తెలిసినవాళ్లు గూడు దగ్గరికి పోనవసరం లేకుండానే రాబందులను లెక్కపెట్టగలరు.

మళ్లీ కడప కొండలకు వస్తే, అక్కడ అన్నిటికంటే గట్టి రాయి క్వార్ట్‌జైట్. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయిన ఈ రాయి సులువుగా అరగదు. అందుకే కొండల నెత్తిన నిటారు గోడలుగా నిలబడుతుంది. అరగదు కానీ పగులుతుంది. నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు కలిసి పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోతుంది. ఆ పగుళ్లలో చల్లదనం ఉంటుంది, కొద్దిపాటి తేమ ఉంటుంది, పైనుంచి వచ్చే శత్రువుకు అందని లోతు ఉంటుంది. తిరుమల కొండ మీది క్వార్ట్‌జైట్‌కు, దాని కింద ఉన్న గ్రానైట్‌కు మధ్య ఘాట్ రోడ్డు పక్కన ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ల వయసుల మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల అంతరం ఉందని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ చెబుతుంది. ఆ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. కొండపైన శిలాతోరణం కూడా అలాంటి స్మారకమే.

ఆ పగుళ్లలోనే బంగారు బల్లి ఉంటుంది. 1870లో బెడ్డోమ్ అనే సైనికాధికారి తిరుపతి కొండల నుంచి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తరువాత శతాబ్దానికి పైగా దీని ఊసు పెద్దగా వినబడలేదు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు తిరుమల కొండల్లోనే దీన్ని మళ్లీ కనుగొన్నారు. ఇప్పుడు తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల, ఒడిశా, తమిళనాడు కొండల్లో కూడా ఉందని తెలుసు. మగ బల్లి మెడ, ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. ఆడదాని రంగు అంత ప్రస్ఫుటం కాదు. పగలు పగుళ్లలోనే ఉండి రాత్రి బయటికి వస్తుంది కాబట్టి రాళ్లు వెతికేవాళ్లకు బల్లి కంటే దాని గుడ్లే ముందు కనిపిస్తాయి. చాలా ఆడ బల్లులు ఒకే రాతి చూరు కింద గుడ్లు అతికిస్తాయి. పిల్లలు వెళ్లిపోయాక కూడా పెంకు అడుగు భాగం తెల్లని గుండ్రని మచ్చలుగా రాతికి అంటుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఖనిజపు పొక్కులనుకుని గోకి చూడబోయేవాళ్లు, అన్నీ ఒకే సైజులో, వాన తగలని చూరు కిందే ఉన్నాయేమో ముందు గమనించాలి. ఈ బల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది.

క్వార్ట్‌జైట్ గోడల మీద పగటిపూట కనిపించేవి వేరు. మగ కొండ తొండ మామూలు రోజుల్లో రాతి రంగులోనే ఉంటుంది. జతకట్టే కాలంలో వీపు ఎర్రబారి, పక్కలు నల్లబడి, చాలా దూరం నుంచి కూడా బండ మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బండల సందుల్లో పెరిగిన పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. ప్రపంచంలో దక్షిణ భారత కొండల్లో తప్ప ఇది మరెక్కడా లేదు. హార్స్‌లీ కొండల వంటి గ్రానైట్ గుట్టల మీద, ఈ క్వార్ట్‌జైట్ కొండల మీద, రాయీ పొదా కలిసిన చోటునే ఎంచుకుంటుంది. దట్టమైన అడవి దానికి పనికిరాదు, బోడి మైదానమూ పనికిరాదు. గుట్టను క్వారీ తవ్వేస్తే ఎగిరిపోయి మరోచోట బతుకుతుందిలే అనుకోవడం దాని విషయంలో చెల్లదు. అలాంటి రాతి నేలల్లోనే జిట్టకోడి కూడా తిరుగుతుంది. అలికిడి వింటే ఎగరడం కంటే రాళ్ల మధ్య పరుగెత్తడమే దానికి ఇష్టం.

కొండ పాదానికి దిగితే నేల మారిపోతుంది. పైనుంచి విరిగిపడిన రాళ్లు, గులకలు, షేల్ పొడి కలిసి గరప నేల అవుతుంది. వానలో నీరు నిలవదు. పెద్ద చెట్లు పెరగవు. ముళ్లపొదలు, వాటి మధ్య బోడి జాగాలు మిగులుతాయి. ఎర్రచందనం ఇలాంటి రాతి నేలల మీదే, కడప చుట్టుపక్కల కొండల్లో సహజంగా పెరుగుతుంది. కలివి కోడి బతికే చోటు కూడా అదే. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ వల్ల 1848లో శాస్త్రానికి తెలిసిన ఈ పక్షి, 1900లో ఒకసారి కనిపించినట్టు నమోదయ్యాక మాయమైపోయింది. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడు రాత్రివేళ దీన్ని పట్టుకోవడంతో, అక్కడ వెతుకుతున్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దీన్ని నిర్ధారించగలిగారు. ఆ తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి కోసం కొంత మళ్లించారు.

కలివి కోడిని వెతికిన పద్ధతి రాళ్లు వెతికేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. రాత్రి మాత్రమే తిరిగే పక్షిని చూడడం కష్టం. అందుకని పరిశోధకులు పొదల మధ్య బోడి జాగాల్లో జల్లెడ పట్టిన మెత్తని మట్టిని పట్టీలుగా పరిచారు. తెల్లవారాక దాని మీద పడిన అడుగుల కొలతలు తీశారు. తీతువు వంటి పక్షుల అడుగుల నుంచి కలివి కోడి అడుగును వేరు చేయడం ఆ కొలతలతో సాధ్యమైంది. కంటికి కనబడని ప్రాణిని అది వదిలిన గుర్తు ద్వారా నిర్ధారించడం శిలాజ శాస్త్రానికి మొదటి నుంచీ అలవాటైన పనే. బురద మీద పడి గట్టిపడిన అడుగు ముద్రలను, పురుగు పాకిన గాడిని కూడా అది శిలాజాలుగానే లెక్కిస్తుంది. రాళ్లు వెతికేవాడి చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది కాబట్టి, పులి పంజా ముద్ర, దుప్పి గిట్ట, ఏదుపంది ముల్లు, పాము కుబుసం పక్షులు చూడ్డానికి వచ్చినవాళ్ల కంటే అతనికే ఎక్కువ దొరుకుతాయి. వాటిని దాటిపోకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ, చోటు రాసుకుంటే అది పనికివచ్చే సమాచారం అవుతుంది.

సున్నపురాయి కథ మరొకటి. వాననీరు మట్టిలోంచి దిగుతూ కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ నీటికి సున్నపురాయి నెమ్మదిగా కరుగుతుంది. లక్షల ఏళ్లలో పగుళ్లు బిలాలవుతాయి. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఇలా ఏర్పడ్డవే. బిల్లసర్గంలో నాపరాతి పొరల మీద పాణ్యం క్వార్ట్‌జైట్ కప్పులా ఉంది. కిందిది కరిగింది, పైది నిలబడింది. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఇక్కడ ఎముకలు ఉన్నాయని రాశాడు. నలభై ఏళ్ల తరువాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ కలిసి గుహల మట్టిని తవ్వి వేల కొద్దీ ఎముకలు తీశారు. వాటిని పరిశీలించి రిచర్డ్ లిడెక్కర్ 1886లో వివరాలు ప్రచురించాడు. వాటిలో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరుమీద రైనోసెరోస్ కర్నూలియెన్సిస్ అని నామకరణం చేశాడు. రాయలసీమలో ఖడ్గమృగం తిరిగిన కాలం ఒకటి ఉందని దానివల్లే తెలిసింది.

అయితే బిల్లసర్గం చెప్పే పెద్ద సంగతి అంతరించినవాటి గురించి కాదు, మిగిలినవాటి గురించి. 2014లో ఒక అంతర్జాతీయ బృందం అక్కడి పొరలకు కొత్తగా కాలనిర్ణయం చేసి ఫలితాలు ప్రచురించింది. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాలుగా, కొన్ని రెండు లక్షల సంవత్సరాలుగా భారత ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయని తేల్చింది. అదే కాలంలో అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించాయి. ఇక్కడ అలా జరగలేదు. కొండా, లోయా, గడ్డిభూమీ, అడవీ పక్కపక్కనే అల్లుకుని ఉండడం వల్ల వాతావరణం మారినప్పుడల్లా జంతువులు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగి బతికాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. గుహ మట్టిలో దొరికిన ఎముక, గుహ బయట కొండచరియ మీద తిరిగే జంతువు ఒకే వంశానివి కావచ్చునన్న సంగతి తెలిశాక ఆ కొండను చూసే తీరే మారిపోతుంది. ఆ కొండల మధ్య దారులను గనులు, రోడ్లు తెగ్గొడుతున్న ఈ కాలంలో, అటూ ఇటూ జరిగే వీలును పోగొట్టుకుంటే లక్ష ఏళ్లు నిలిచినవి ఇకముందు నిలవడం కష్టం.

గుహల్లో ఎముకలు ఎలా చేరతాయన్న ప్రశ్నకు జవాబు కూడా బతికున్న జంతువుల దగ్గరే ఉంది. ఏదుపందికి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి, ఒంటికి సున్నం చేరడానికి అది ఎండిన ఎముకలను బిలంలోకి మోసుకుపోయి కొరుకుతుంది. అది కొరికిన ఎముక మీద రెండేసి పళ్ల వెడల్పాటి గాళ్లు పక్కపక్కనే సమాంతరంగా ఉంటాయి. దుమ్ములగొండి ఎముకను పగలగొట్టి తింటుంది. దాని మలంలో ఎముక సున్నం ఎక్కువ కాబట్టి ఎండితే తెల్లగా సుద్దలా మారుతుంది. మలేరి శిలల్లో రాయైన పేడను చూసినవాళ్లకు దీన్ని చూడగానే అదే గుర్తొస్తుంది. పెద్ద గుడ్లగూబ మింగిన ఎలుకల వెంట్రుకలు, ఎముకలు అరగక ఉండల్లా నోటి నుంచి కక్కుతుంది. అది రోజూ కూర్చునే అరుగు కింద ఆ ఉండలు కుప్ప పడతాయి. ఎండకు విరిగిపోయి చిన్న చిన్న దవడలు, పుర్రెలు బయటపడతాయి. గుహ మట్టిలో చిన్న జంతువుల ఎముకలు గుంపుగా దొరికితే, వేల ఏళ్ల కిందట ఏ గుడ్లగూబ పైన కూర్చుందో అని పరిశోధకులు అనుమానించేది ఇందుకే. ఎముక పాతదో కొత్తదో తేల్చడానికి రంగు ఒక్కటే చాలదు. కొత్త ఎముక తేలికగా ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా వాసన వేస్తుంది. ఖనిజం ఎక్కిన ఎముక బరువుగా ఉండి, తడితే రాయిలా మోగుతుంది.

గుహలంటే గబ్బిలాలు, గబ్బిలాలుంటే నేల మీద రెట్ట గుట్టలు. పగటిపూట గుంపును లేపితే పిల్లలున్న తల్లులు చెదిరి, పిల్లలు కింద పడి చనిపోతాయి. లోపలికి పోకుండా గుహ నోటి దగ్గర ఆగి, సాయంత్రం అవి బయటికి వచ్చేటప్పుడు చూడడం మేలు.

ఇక ప్రమాదాల సంగతి. ఈ కొండల్లో రాళ్లు వెతికేవాళ్లకు పులి, చిరుతల కంటే ఎలుగుబంటి వల్లే ఎక్కువ అపాయం. పులీ, చిరుతా మనిషి అలికిడికి తప్పుకుంటాయి. ఎలుగుబంటి తల వంచుకుని చెదలు, చీమలు తవ్వుకుంటూ ఉండి మనిషిని దగ్గరికి వచ్చేదాకా పసిగట్టదు. ఒక్కసారిగా ఎదురుపడితే మీద పడుతుంది. బండల మధ్య గుహలే దానికి పగటి పడక. చలికాలంలో అక్కడే పిల్లల్ని ఈనుతుంది. పుట్టను నిలువునా తవ్విన గుంత, చుట్టూ పొడవైన గోళ్ల గీతలు, రేగు, నేరేడు, తునికి గింజలు నిండిన పేడ కనిపిస్తే అది తిరిగే చోటని అర్థం. రాతి గోడ కింద నున్నగా అరిగిన చిన్న గుహ నోరు శిలల పొరలు చూడడానికి ఎంత బాగున్నా లోపల తల పెట్టకూడదు. ఒంటరిగా పోకుండా, మాట్లాడుకుంటూ నడవడం, తెల్లవారిన కాసేపటికి మొదలుపెట్టి పొద్దు వాలకముందే దిగిపోవడం నల్లమలలో చెంచులు చెప్పే జాగ్రత్త. పులి పంజా ముద్రను చూసి అది ఎటు పోయిందో, ఎంతసేపైందో చెప్పగల చెంచులు అటవీశాఖ కాపలా శిబిరాల్లో పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకరు వెంట ఉంటే రాయీ, ప్రాణీ రెండూ ఎక్కువగా కనబడతాయి. కొండ అంచుల నుంచి తేనె తీసే వాళ్లకు పెద్ద తేనెటీగల పట్లు ఎక్కడుంటాయో కూడా తెలుసు. అలాంటి పట్టు కింద సుత్తి దెబ్బలు కొట్టడం, పొగ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

రాళ్లు తిరగేయడం ఈ పనిలో రోజూ ఉండేదే. రాతి కింద తేమ ఉంటుంది, ఎండ తగలదు. అక్కడ తేళ్లు, జెర్రులు, రోకలిబండలు, నలికిరులు, చీమల గూళ్లు ఉంటాయి. కడప, అనంతపురం రాతి నేలల్లో చిన్న పింజరి చాలా సామాన్యం. సాధారణంగా మూరెడు కూడా ఉండదు. రాతి రంగులో చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. కదిలిస్తే పొలుసులు ఒకదానికొకటి రుద్దుకుని చరచరమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినబడగానే వెనక్కి జరగాలి. రాతిని లేపేటప్పుడు వేళ్లు కిందికి పెట్టకుండా, కర్రతోనో సుత్తి కొనతోనో అవతలి అంచును తన వైపుకు ఎత్తాలి. అప్పుడు రాయి మనిషికీ, లోపలి ప్రాణికీ మధ్య అడ్డుగా ఉంటుంది. చూశాక రాతిని తిరిగి అదే గుంటలో, అదే వైపు కిందికి వచ్చేలా పెట్టాలి. బోర్లా వదిలేస్తే కింద ఉన్నవన్నీ ఎండకు చస్తాయి. ఆ నీడ మళ్లీ ఏర్పడడానికి ఏళ్లు పడుతుంది. పాము కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకూడదు. కాటుపడిన చేయి గాని కాలు గాని కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి.

సుత్తి చప్పుడు కొండ గోడల మధ్య చాలా దూరం పోతుంది. చలికాలం, ఎండాకాలం మొదటి నెలలు గుడ్లగూబకూ, రాబందుకూ గూడు కాలం. ఆ రోజుల్లో గూడున్న గోడ కింద రాయి కొడితే పక్షి గుడ్లు వదిలి లేచిపోతుంది. గుడ్డు వేడికో, చలికో పాడవుతుంది. కాబట్టి తెల్లటి రెట్ట చారలున్న గోడను ముందే గుర్తించి దాన్ని వదిలేయడం పద్ధతి. అలా వదిలిన చోట బైనాక్యులర్‌తో అరగంట కూర్చుంటే, రాళ్ల కోసం వంగిన మెడకు ఎన్నడూ కనబడనివి కనబడతాయి. చేతి భూతద్దం ఇసుక రేణువు అంచునూ చూపుతుంది, బల్లి వేళ్ల కింది మడతలనూ చూపుతుంది. ఒకే సంచీలోని సామాను రెండు పనులకూ సరిపోతుంది.

ఏమి తీసుకురావచ్చు, ఏమి కూడదు అన్నది చట్టం స్పష్టంగా చెప్పిన విషయం. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానాల్లో, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి ఆధారం. రిజర్వు అడవుల్లో రాయి తవ్వడం, పట్టుకుపోవడం అటవీ చట్టం కింద నేరం. ఎర్రచందనం దొంగరవాణా వల్ల శేషాచలం, లంకమల, పాలకొండల్లో నిఘా గట్టిగా ఉంటుంది. చేతిలో సుత్తి, వీపున సంచితో అడవిలో తిరిగే అపరిచితుణ్ణి కాపలావాళ్లు ఆపి అడగడం సహజం, న్యాయం కూడా. పని ఏమిటో రాసిన అనుమతి పత్రం దగ్గర ఉండాలి. స్మారకాలుగా ప్రకటించిన చోట్ల సుత్తి బయటికి తీయనేకూడదు. ఏదుపంది ముల్లు, నెమలి ఈక, జింక కొమ్ము నేల మీద పడి ఉన్నా అడవి నుంచి తీసుకురాకూడదు. అడవి బయట, రోడ్డు కోతల దగ్గర, పాత నాపరాతి గనుల దగ్గర యజమానిని అడిగి చిన్న నమూనా తీసుకోవచ్చు. పాత గనుల గోతుల్లో నీరు నిలిచి, చుట్టూ గోడలు పగిలి, అవి కూడా గుడ్లగూబలకూ, కొండ తొండలకూ నివాసాలవుతున్నాయన్నది అక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

రాతి నమూనాకు దాని చోటు తెలియకపోతే విలువ లేదు. ఏ పొర, పొర ఎటు వాలి ఉంది, ఏ ఊరికి ఎంత దూరం, ఏ తేదీ అన్నవి ఉంటేనే అది విజ్ఞానానికి పనికివస్తుంది. ప్రాణిని చూసిన వివరానికీ అదే కొలత. కాబట్టి అదే నోటు పుస్తకంలో, అదే పేజీలో, రాతి వివరం పక్కనే ప్రాణి వివరం కూడా ఉండాలి. ఏ రాతి మీద, ఏ పగులులో, పగలో రాత్రో, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి అని రాయాలి. బంగారు బల్లి, పసుపు గొంతు పిగిలిపిట్ట ఇంకా ఏ కొండల మీద ఉన్నాయో పూర్తి పటం తయారు కావలసే ఉంది. ప్రతి గుట్టనూ ఎక్కే తీరిక పరిశోధకులకు లేదు. రాతి కోసం గుట్ట గుట్టా ఎక్కేవాళ్లు ఆ వివరాలు అటవీశాఖకో, దగ్గరలోని కళాశాల జంతుశాస్త్ర శాఖకో చేరవేయగలరు. ఎముకలున్న గుహ గాని, స్ట్రోమటోలైట్ బండ గాని కొత్తగా కనబడితే దాన్ని కదపకుండా ఫొటోలు తీసి, హైదరాబాద్‌లో ఉన్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి తెలియజేయాలి. రాబందు గూడు, కలివి కోడి అడుగు అని అనుమానం ఉన్న ముద్ర కనబడితే ఆ చోటును బహిరంగంగా ప్రకటించకుండా అటవీ అధికారులకు మాత్రమే చెప్పాలి. గూడు చోటు ఊరంతా తెలిస్తే ఫొటోల కోసం జనం ఎగబడి గూడే పాడవుతుంది.